డబ్బా టీవీల బడి

ఇబ్రహీంపట్నంలో టీవీ మొరాయిస్తే ముందు దాని నెత్తి మీద రెండు చరుపులు చరిచేవాళ్లు. అప్పటికీ మాట వినకపోతే దుప్పట్లో చుట్టి, ఆటోలో పడేసి, పరమేశ్వర్ దుకాణానికి తెచ్చేవాళ్లు. సాగర్ రోడ్డు మీద బస్టాండు దాటాక ఒక్క షట్టరు దుకాణం. బోర్డు మీది అక్షరాలు సగం ఎండకు ఎగిరిపోయాయి. ఎగిరిపోతే ఏం, ఆయన పేరు తెలియని ఇల్లు ఆ ఊళ్లో లేదు.

పనిమంతుడే, కాదనం. కానీ మనిషి ఈ లోకంలో ఉండేది తక్కువ. ఛానెల్ రాని తెర మీద తెల్లచుక్కలు గుయ్యిమంటూ పారుతుంటాయి చూశారా, వాటిని చూస్తూ గంటలకు గంటలు కూర్చునేవాడు. ఆ చుక్కల్లో ఆయనకు గొర్రెల మందలు కనబడేవి. జాతరలో జనం కనబడేవాళ్లు. ఏళ్ల తరబడి ఎండిపోయి ఉన్న పెద్దచెరువు నిండి, నీళ్లు కట్టను కొట్టడం కనబడేది. భార్య సీతాబాయి అన్నం గిన్నె తెచ్చి పక్కన నిలబడినా తెలిసేది కాదు.

"ఏం కనవడ్తున్నదయ్యా అండ్ల?" అనేది ఆమె.

"ఇంక ఏం రాలె. గందుకే మంచిగున్నది" అనేవాడు.

ఇలాంటి మనిషితో ఇన్నేళ్లు కాపురం ఎలా చేసిందో ఆ తల్లికే తెలియాలి.

ఈలోగా హైదరాబాదు పెరిగి పెరిగి ఆదిభట్ల దాకా వచ్చి కూర్చుంది. నిన్నటిదాకా జొన్న వేసిన చెలకల్లో రంగు జెండాలు పాతి ప్లాట్లు చేశారు. చెలక అమ్మినవాడు ముందు కారు కొన్నాడు, తర్వాత గోడకు తగిలించే పలక టీవీ కొన్నాడు. పాత డబ్బా టీవీలన్నీ ఒక్కొక్కటే పరమేశ్వర్ దుకాణం చేరాయి. "రిపేరుకు కాదన్నా, ఉంచుకో. ఇంట్ల జాగ లేదు" అని దించిపోయేవాళ్లు. మళ్లీ అడగడానికి ఒక్కరూ రాలేదు. పరమేశ్వర్ మాత్రం వచ్చిన ప్రతిదాన్నీ తుడిచి, బాగుచేసి, వరసగా పెట్టేవాడు. ఎవరి కోసమయ్యా అంటే ఇంకోదాన్ని తుడవడం మొదలుపెట్టేవాడు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు షట్టరు యజమాని రాజశేఖర్ చల్లగా ఒక కబురు చెప్పిపోయాడు. దసరా తర్వాత బిల్డింగు కూలగొట్టి కాంప్లెక్సు కడతాడట. సీతాబాయికి ఇది మంచి కబురే. "ఆదిభట్ల కంపెనీల ఏసీలు చూస్కునే నౌకరి ఉన్నది. మా అన్న మాట్లాడిండు. పోయి చేరు. ఈ డబ్బాలన్ని పాతసామాన్లోనికి ఏసెయ్" అంది. పరమేశ్వర్ సరేనని తల ఊపాడు. ఆయన తల ఊపడాన్ని నమ్ముకుంటే అయినట్టే!

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, బడి విడిచాక, ఏడో తరగతి చదివే యమున దుకాణం ముందు ఆగింది. చేపలు పట్టే బుగ్గయ్య మనవరాలు. చేపలు పట్టే అని అలవాటుగా అంటున్నాం గానీ, చెరువు ఎండినప్పటినుంచి బుగ్గయ్య ఏదో ఒక ప్లాటుకు కాపలా కాస్తున్నాడు. దుకాణంలో బాగైన టీవీకి పాత వీడియోగేమ్ పెట్టె తగిలించి పరమేశ్వర్ రంగులు సరిచూస్తున్నాడు. తెర మీద చిన్న కారు పరుగెడుతోంది.

"మామా, గీ ఆటలు ఎవ్వలు చేస్తరు?" అని అడిగింది యమున.

"ఎవలో చేస్తరు బిడ్డా. జపాన్లనో, యాడనో."

"మరి గీడ ఎందుకు చెయ్యరు?"

ఆ పిల్ల జవాబు కోసం ఆగలేదు, ఉరుకుతూ ఇంటికి పోయింది. ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది. అవును, ఎందుకు చెయ్యరు? బతుకంతా ఎవరో ఎక్కడినుంచో పంపిన బొమ్మలను తెర మీదికి రప్పించడమే చేశాడాయన. ఈ ఊరి పిల్లలు తమ చేత్తో తెర మీద ఒక బొమ్మను కదిలిస్తే! ఆ రాత్రి కలలో ఎండిన చెరువు నిండా టీవీలు. ఒక్కొక్కదాని ముందు ఒక్కో పిల్ల. ఎవరూ పంపని బొమ్మలు తెరల మీద ఈదుతున్నాయి.

లేచి, మొహం కడుక్కుని, ఎలక్ట్రానిక్ సామాన్ల బజారున్న కోఠీకి బస్సు ఎక్కాడు.

కంపెనీలు పారేసిన కంప్యూటర్లు ముందు చూశాడు. చవకే. కానీ ఒక్కొక్కటి ఎంత బరువు, ఎంత వేడి! లోపల ఫ్యాను మోత, పైగా దానికో వేరే తెర కావాలి. వాటిలో సగం తన దుకాణానికే రిపేరుకు వస్తాయని మెకానిక్ ముక్కు పసిగట్టేసింది. తర్వాత చేతిపలకల్లాంటి ట్యాబ్లెట్లు చూపించారు. మెరుస్తున్నాయి, బాగున్నాయి. "ఇండ్ల ఆట ఆడొచ్చా, చెయ్యొచ్చా?" అని అడిగాడు. దుకాణదారు నవ్వాడు. "ఆడనికే అన్నా, చేస్తరా ఎవలన్న!" అన్నాడు. పరమేశ్వర్ దాన్ని మర్యాదగా వెనక్కి ఇచ్చేశాడు.

అప్పుడు దుకాణదారు కౌంటరు కిందినుంచి అరచేతిలో పట్టే చిన్న బోర్డు ఒకటి తీశాడు. ఇదీ కంప్యూటరే అన్నాడు. ఫ్యాను లేదు, డబ్బా లేదు. ఫోను ఛార్జరుతో నడుస్తుందట, గోరంత మెమరీ కార్డులో దాని బుద్ధంతా ఉంటుందట. పరమేశ్వర్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. పక్కన టీవీకి వైరు పెట్టే పసుపుపచ్చ రంధ్రం! సీడీ ప్లేయర్లకూ, గేమ్ పెట్టెలకూ ఉండేది అదే. ఆయన ముప్పయ్యేళ్లుగా వేలు పెట్టి చూస్తున్న రంధ్రం. "డబ్బా టీవీకి తగులుతదా?" అన్నాడు. "తగులుతది, కాని అక్షరాలు జర మసకొస్తయి" అన్నాడు దుకాణదారు. మసక రానీ! డబ్బా టీవీలు తన దగ్గర ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి.

బోర్డులు కొనడానికి ఆయన ఏం అమ్మాడో వింటే మీరూ సీతాబాయిలాగే నెత్తి కొట్టుకుంటారు. తెర మీద గళ్లూ గీతలూ చూపించి బొమ్మ సరిగ్గా ఉందో లేదో చెప్పే పెట్టె ఒకటి ఉంటుంది, టీవీ మెకానిక్‌కు కుడిచెయ్యి లాంటిది. దాన్ని యాచారంలో ఒక మెకానిక్‌కు అమ్మేశాడు. "ఇగ నాకెందుకు?" అన్నాడు. ఎందుకో తర్వాత తెలిసొచ్చింది.

సాఫ్ట్‌వేర్ సంగతి ఇంకో తతంగం. మొదట ఇంగ్లీషు అక్షరాలు టైపు చేసి ఆట రాసేది పెట్టి చూశాడు. డబ్బా తెర మీద అక్షరాలు నీళ్లలో నానిన అటుకుల్లా ఉబ్బిపోయాయి. ఒక్క చుక్క తప్పు పడితే ఆటే లేదు, ఆ చుక్క ఎక్కడుందో కళ్లద్దాలు పెట్టుకున్నా కనబడదు. తర్వాత నిజం మనుషుల్లాంటి బొమ్మలు వచ్చే పెద్ద సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. పాపం ఆ చిన్న బోర్డు వేడెక్కి, నీలిగి, నిద్రపోయింది. చివరికి రంగురంగుల దిమ్మెలు ఒకదాని కింద ఒకటి అతికించుకుంటూ పోయేది దొరికింది. నీలం దిమ్మె కదలడానికి, ఊదా దిమ్మె వేషం మార్చడానికి, పసుపు దిమ్మె ఆగడానికీ మళ్లీ మళ్లీ చెయ్యడానికీ. అక్షరం మసకైనా రంగు మసకబారదు కదా! మూలనున్న ఆకుపచ్చ జెండా నొక్కితే ఆట మొదలు. దుకాణంలో తను పరీక్షలకు వాడే టీవీ మీద ఒక పిల్లిని అటూ ఇటూ నడిపించి, పరమేశ్వర్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

ఇక కావలసింది జాగా. పెద్దబడి హెడ్‌మాస్టర్ అనురాధ మేడం లెక్కల టీచరు, ముక్కుసూటి మనిషి. బడిలో సైన్సు గది ఖాళీగా ఉంది. కానీ స్కూలు కమిటీ చైర్మన్ లింగస్వామికి అది విరిగిన బల్లలు పడేసుకోవడానికి కావాలి. "ఈయనకు డిగ్రీ లేదు, ఏం లేదు. ఏం చెప్తడు మేడం?" అన్నాడు. మేడం ఆలోచించి ఒక మాట అంది. "శనివారం మా ముంగట పిల్లలతోని చేపియ్యి అన్నా. నువ్వు నేర్పగలవని కనవడితె రూము నీది. లేకుంటె బల్లలకు." అంతే. గది వస్తే బడి, రాకపోతే దసరా తర్వాత టీవీలు పాతసామానుకు, ఆయన ఆదిభట్లకు.

శనివారం రానే వచ్చింది. ఆటోలో ఆరు టీవీలు తెచ్చి బల్లల మీద పెట్టాడు. పిల్లలు తోసుకుంటూ కూర్చున్నారు. లింగస్వామి చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పైన కుడిపక్క ఆకుపచ్చ జెండ ఉంటది. గది నొక్కున్రి" అన్నాడు పరమేశ్వర్.

"జెండ లేదు సార్" అంది యమున.

ఆయన్ని సార్ అన్నది ఆ పిల్లే మొదలు. ఆ సంతోషం కూడా సరిగ్గా అనుభవించకముందే పక్క టీవీ నుంచి ఇంకొకరు, దాని పక్కనుంచి ఇంకొకరు, జెండా లేదు, జెండా లేదు. పరుగెత్తి చూశాడు. నిజమే! ఏ తెర మీదా జెండా లేదు. మౌసు బాణం మూలకు పోయి మాయమైపోతోంది. దుకాణంలో ఉన్న జెండా ఇక్కడికొచ్చేసరికి ఏమైనట్టు? ఒక పిల్ల చేతిలోంచి మౌసు లాక్కున్నాడు, ఇంకో పిల్లను జరిపి తనే కూర్చున్నాడు. లంచ్ బెల్లు దాకా జెండా దొరకలేదు.

"జెండ పంద్రాగస్టుకు వస్తదేమో తియ్యి" అన్నాడు లింగస్వామి. పిల్లలు గొల్లుమన్నారు. "అయినా నీ టీవీలు గింతేనే. మా ఇంట్ల గూడ మ్యాచ్ పెడితె స్కోరు సగమే కనవడ్తది, నువ్వు బాగుచేసిన కాడికెళ్లి."

పరమేశ్వర్‌కు తల కొట్టేసినట్టయింది. తన కాళ్ల కింది నేల తనే తవ్వుకున్నానని ఆ క్షణంలో అర్థమైంది.

ఊళ్లో ప్రతివాడూ ఒకటే పాట పాడేవాడు. "అంచులకు నల్లగ ఎందుకున్నదన్నా? పైసలు పెట్టి కొన్న తెర, నిండ రావాలె గద!" జనం సంతోషం కోసం, చేతికొచ్చిన ప్రతి టీవీ వెనకా చిన్న స్క్రూ తిప్పి, బొమ్మను నాలుగువైపులా సాగదీసేవాడు. తెర నిండేది. అంచులు మాత్రం చట్రం వెనక్కి పోయేవి. తన పరీక్షల టీవీని సాగదీయమని ఎవరూ అడగలేదు కాబట్టి దాని మీద జెండా కనబడింది. ఇన్నేళ్లుగా ఇబ్రహీంపట్నం మొత్తం మూలలు తెగిన బొమ్మలనే చూసింది. సగం స్కోర్లు, నెత్తి లేని వార్తలవాళ్లు. అంతా తన చేతి చలవే! గళ్ల పెట్టె ఉండి ఉంటే చిటికెలో తేలేది. అదేమో యాచారంలో ఉంది.

"ఇంకొక్క శనివారం ఇస్త అన్నా. మల్ల అడగకు" అంది మేడం.

టీవీ వెనక కూర్చుని స్క్రూ తిప్పేవాడికి ముందు తెర కనబడదు. అందుకు మెకానిక్కులు ఎదురుగా అద్దం పెట్టుకుంటారు. ఆదివారం పొద్దున సీతాబాయి ఇంట్లో అద్దం తీసుకుని, చంకన పెట్టుకుని, సణుక్కుంటూ దుకాణానికి వచ్చింది. "ఆఖరు పని ఇదే. తర్వాత నౌకరికి పోవాలె" అంటూనే బడినుంచి తిరిగొచ్చిన టీవీ ముందు పీట వేసుకుని అద్దం పట్టుకుంది.

ఆయన స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పాడు. అద్దంలో బొమ్మ మెల్లగా మెల్లగా ముడుచుకుంది. చుట్టూ నల్లటి గట్టు లేచింది. ఆ గట్టు లోపల, ఎన్నేళ్లుగానో దాక్కున్న మూలలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. సీతాబాయి సణగడం ఆపేసింది.

"ఆగు, ఆగు! జెండొచ్చింది!" అని అరిచింది. అద్దం వంచి మళ్లీ చూసుకుంది. "చిన్నగైంది గాని, మంచిగున్నదయ్యా. మొత్తం కనవడ్తున్నది."

ఒక టీవీ తర్వాత ఒక టీవీ. మధ్యాహ్నపు ఎండ అద్దం మీద పడి గోడ మీద వెలుగు ముక్క ఊగుతోంది. ఆమె పక్కన లేని దినం ఒక్కటి కూడా ఆ దుకాణంలో తను పని చేయలేదని, ఈ మాట ఎన్నడూ ఆమెతో అనలేదని పరమేశ్వర్‌కు తోచింది. అనాలనుకున్నాడు. స్క్రూడ్రైవరు నోట్లో ఉంది. తీసేసరికి ఆమె టీ పెట్టడానికి లేచింది. చాలా రోజుల తర్వాత ఎవరో చెప్పారట, ఆ మెమరీ కార్డులో ఒక్క వాక్యం మారిస్తే టీవీ విప్పకుండానే అంచులు వచ్చేవని. సీతాబాయి ఆ మాటకు పడీ పడీ నవ్వింది.

ఆ వారమంతా సాయంత్రాలు పిల్లలు దుకాణంలోనే. వాళ్లలో సగం మంది నాదర్‌గుల్ వైపు చక్కర్లు కొట్టే చిన్న శిక్షణ విమానాలను తెర మీద ఎగరేశారు. కానీ పరమేశ్వర్‌కు ఒక పాడు అలవాటు. పిల్ల తప్పు చేస్తే చాలు, మౌసు లాక్కుని తనే బాగుచేసేస్తాడు. రిపేరు చేసే చెయ్యి ఊరుకుంటుందా! సీతాబాయి రెండు రోజులు చూసి ఊరుకుంది, మూడో రోజు నోరు విప్పింది.

"నువ్వే ఆడుకుంటె ఈ పోరగాండ్లెందుకయ్యా?"

సూటిగా తగిలింది. ఆ తర్వాత ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం మొదలుపెట్టాడు. అబ్బ, ఎంత కష్టం! వేళ్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండేవి.

యమున చేపను చేసింది. తెర అంచు తాకగానే అది ఎగిరి వెనక్కి మళ్లింది. సాఫ్ట్‌వేర్‌లో ఆ దిమ్మె సిద్ధంగానే ఉంటుంది. పరమేశ్వర్‌కు నచ్చింది, యమునకు నచ్చలేదు.

"చెరువుకు గోడలుంటయా సార్? చేప పోతె అట్లనే పోతది."

"పోతె ఆట ఎట్ల నడుస్తది బిడ్డా? గోడకు తాకి మల్లనియ్యి."

ఆ పిల్ల దిమ్మెలు తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. పరమేశ్వర్‌కు చెయ్యి దురద పెట్టింది, గట్టిగా పట్టుకున్నాడు.

రెండో శనివారం జెండాలన్నీ ఉన్నాయి. విమానాలు ఎగిరాయి, ఒక కోతి చెట్టెక్కింది. లింగస్వామి మొహంలో మార్పు లేదు. చివరికి అందరూ యమున టీవీ దగ్గరికి వచ్చారు. తన టీవీ ఎట్లుందో చూసుకుందామని బుగ్గయ్య కూడా వచ్చాడు, ఎందుకంటే అది ఆయన ఎప్పుడో దుకాణంలో దించిపోయిన ఇంటి డబ్బానే.

నీలం నీళ్లు. ఎర్రటి చేప ఒకటి ఈదుకుంటూ వచ్చి, అంచు దాటి వెళ్లిపోయింది. ఇక తెర మీద నీళ్లు తప్ప ఏమీ లేదు.

"ఆగిపోయింది" అన్నాడు లింగస్వామి.

"ఆగలె సార్. ఆగున్రి, వస్తది" అంది యమున.

అందరూ ఖాళీ నీళ్లను చూస్తూ నిలబడ్డారు. ఎండిన చెరువు ఊళ్లో, మూలనున్న ఒక డబ్బాలో అంత నీలం. దాన్ని చూస్తున్నకొద్దీ చల్లగా అనిపించింది. ఇది పాడవడమో, ఆటలో భాగమో పరమేశ్వర్‌కూ తెలియదు. బుగ్గయ్య చెయ్యి తెలియకుండానే భుజం మీదికి లేచింది, వల ఉన్నట్టు. అప్పుడు అవతలి అంచు నుంచి, అనుకోని చోట, చేప వచ్చింది. యమున మీట నొక్కింది, వల పడింది. బుగ్గయ్య "హో!" అని కేక పెట్టాడు. పిల్లలంతా అరిచారు.

గోల తగ్గాక లింగస్వామి గొంతు సవరించుకున్నాడు. "మంచిగనే ఉన్నది. గిది ఎవలు చెప్పిన్రు నీకు? పరమేశ్వరా?"

"ఎవ్వలు చెప్పలె" అంది యమున. "చేప పోతె జర సేపు ఆగాలని తాత చెప్పిండు. గిది మాత్రం నేనే చేసిన."

"ఇంకేంది మరి!" అన్నాడు లింగస్వామి మేడం వైపు తిరిగి. "పోరగాండ్లు వాళ్లంతల వాళ్లే చేస్తుంటె ఈయన ఎందుకు, ఈయనకు రూమెందుకు?"

పరమేశ్వర్ నోటినుంచి ఒక్క మాట చాలు. దిమ్మెలు నేర్పింది నేనే, దినాం పక్కన నిలబడింది నేనే అంటే చాలు, అబద్ధం కూడా కాదు. గది తనది. మేడం ఆయన్నే చూస్తోంది.

"నువ్వేం చెప్పినవ్ అన్నా ఈమెకు?"

పరమేశ్వర్ యమున వైపు చూశాడు. ఆ పిల్ల ఎవరినీ పట్టించుకోకుండా మళ్లీ జెండా నొక్కి, ఖాళీ నీళ్లలోకి చూస్తోంది. ఇంకా ఏం రాలేదు. అందుకే అంత బాగుంది.

"గోడకు తాకి మల్లనియ్యి అని చెప్పిన మేడం" అన్నాడు. "ఆమె ఇనలె. మంచిదైంది."

లింగస్వామి ఇక చాలన్నట్టు చేతులు దులుపుకున్నాడు. పరమేశ్వర్ వంగి మొదటి టీవీ వైరు ఊడదీయబోయాడు. సీతాబాయికి ఏం చెప్పాలో, ఆదిభట్లకు ఏ బస్సు పోతుందో ఆలోచిస్తున్నాడు. ఏడుపొచ్చింది. దాంతోపాటే ఎక్కడినుంచో పిచ్చి సంతోషం కూడా.

"వైరు తియ్యకన్నా" అంది మేడం.

ఆయన తలెత్తాడు.

"ఇరవయ్యేండ్లాయె నేను లెక్కలు చెప్పవట్టి. నేను చెప్పింది ఇనకుంట, సొంతంగ ఒక్క లెక్క చేసిన పిల్ల నాకు దొరకలె. చెయ్యనియ్యలేదో ఏమో నేనే." లింగస్వామి వైపు చూసి, "బల్లలు వరండాల పెట్టుకుందాం చైర్మన్ సాబ్. రూము ఈయనది" అంది.

తర్వాత చీర కుచ్చిళ్లు సర్దుకుని, పిల్లలు కూర్చునే పొట్టి బెంచీ మీద, ఒక టీవీ ముందు కూర్చుంది. మౌసు పట్టుకుంది. బాణం ఎటో పోయింది. పరమేశ్వర్ చప్పున ముందుకు వంగి చెయ్యి చాచాడు.

"వద్దన్నా" అంది ఆమె, తెర మీదినుంచి కళ్లు తిప్పకుండా. "ఏం చెప్పకు. నేనే చేస్త."

పరమేశ్వర్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.